రా చీఫ్ అవ్వాలంటే ఏ పరీక్ష రాయాలి?

నిఘా, జాతీయ భద్రత రంగాల్లో పైస్థాయి ఉద్యోగాల మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి జవాబులు ఇస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఎప్పటికైనా 'రా'కి (విదేశీ నిఘా చూసే మన సంస్థ, రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్) చీఫ్ కావాలన్నది నా కల. దానికి ఏ పరీక్ష రాయాలి? ఆన్‌లైన్‌లో 'రా ఏజెంట్ పోస్టులు' అని ఒకచోట రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతున్నారు, కట్టొచ్చా?

ముందు ఆ ఫీజు సంగతి. కట్టొద్దు తమ్ముడూ, ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. 'రా' ఏజెంట్లు కావాలని ప్రకటన వేసి డబ్బు వసూలు చేసేవాళ్లు మోసగాళ్లే, అందులో రెండో మాట లేదు. ఇప్పటికే ఆధార్, ఫొటోలు పంపి ఉంటే సైబర్ క్రైమ్ నంబరు 1930కి ఫోన్ చేసి చెప్పు.

ఇక అసలు ప్రశ్న. డిగ్రీ కాగానే రాసి నేరుగా 'రా'లో చేరిపోయే పరీక్ష అంటూ బయట ఎక్కడా లేదు. 1968 సెప్టెంబరులో ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) నుంచి విదేశీ నిఘాను విడదీసి 'రా'ను పెట్టారు. అప్పటినుంచీ అందులోకి మనుషులు ఎక్కువగా వేరే సర్వీసుల నుంచే వస్తున్నారు. ఐపీఎస్ వాళ్లు ఎక్కువ, మిగతా కేంద్ర సర్వీసుల వాళ్లు, సైన్యం నుంచి వచ్చినవాళ్లు కూడా ఉంటారు, సంస్థకంటూ సొంత క్యాడర్ ఒకటి ఉంది. చీఫ్‌ల వరస చూస్తే ఎక్కువ మంది ఐపీఎస్ వాళ్లే. అయితే 2000 నుంచి 2003 దాకా చీఫ్‌గా ఉన్న విక్రమ్ సూద్ తపాలా సర్వీసు నుంచి వచ్చిన మనిషి. సివిల్స్‌లో పోస్టల్ సర్వీసు వచ్చిందని దిగులుపడే పిల్లలకు నేను ఈ పేరు తప్పకుండా చెబుతుంటాను.

కాబట్టి నిఘా రంగంలోకి రావడానికి నీకున్న దారులు రెండు. ఒకటి సివిల్స్ రాసి ఐపీఎస్‌కి వెళ్లి, కొన్నేళ్లు జిల్లాల్లో పనిచేసి, డిప్యుటేషన్ మీద కేంద్ర నిఘా సంస్థలకు రావడం. రెండోది ఐబీలో ఏసీఐవో (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) గ్రేడ్ టూ పోస్టు. కేంద్ర హోం శాఖ ఇచ్చే నోటిఫికేషన్ అది, ఏ డిగ్రీ అయినా చాలు, వయసు 18 నుంచి 27, మూలవేతనం 44,900తో మొదలవుతుంది, దాని మీద ప్రత్యేక భద్రతా భత్యం కూడా ఉంటుంది. మొదట ఆబ్జెక్టివ్ పేపరు, తర్వాత రాతపరీక్ష, చివర ఇంటర్వ్యూ. పదో తరగతి అర్హతతో సెక్యూరిటీ అసిస్టెంట్ పోస్టులూ ఉన్నాయి, వాటికి ఒక స్థానిక భాష వచ్చి ఉండాలి, ఆ జాబితాలో తెలుగు ఉంది.

నీది చీఫ్ కుర్చీ కల కాబట్టి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఏసీఐవోగా చేరినవాళ్లు మంచి ఉద్యోగమే చేస్తారు, ఎన్నో కేసులు నిజానికి నడిచేది వాళ్ల భుజాల మీదే, కానీ ఐబీలో డైరెక్టర్ కుర్చీ దాకా వచ్చినవాళ్లంతా పోలీసు సర్వీసు అధికారులే. నాకిది న్యాయంగా అనిపించదు. పాతికేళ్లు క్షేత్రంలో తిరిగిన మనిషికి పైకి వెళ్లే దారి ఇంకాస్త వెడల్పుగా ఉండాలి. అది మారేదాకా, చివరి మెట్టు మీదే నీ కన్ను ఉంటే సివిల్స్ రాయి.

ఆ చివరి మెట్టు ఎక్కినవాళ్లు ఏం చేశారన్నది కూడా చూడు. 'రా'ను నిలబెట్టిన రామేశ్వర్‌నాథ్ కావ్ 1940లో పోలీసు సర్వీసులో చేరారు, స్వాతంత్ర్యం వచ్చే సమయానికి ఐబీకి వచ్చారు, ప్రముఖుల భద్రత చూశారు. 1955 ఏప్రిల్‌లో హాంకాంగ్ నుంచి బయల్దేరిన ఎయిరిండియా విమానం 'కశ్మీర్ ప్రిన్సెస్' గాల్లో పేలిపోయింది. ఇండోనేషియాలో ఆసియా, ఆఫ్రికా దేశాల బాండుంగ్ సదస్సుకు వెళ్లే చైనా బృందం అందులో ఉంది, గురి చైనా ప్రధాని చౌ ఎన్‌లై మీద, ఆయన ఆ విమానం ఎక్కలేదు. భారత్ తరఫున ఆ దర్యాప్తులో పనిచేసింది కావ్. తర్వాత ఘనాకు వెళ్లి అక్కడి ప్రభుత్వానికి నిఘా సంస్థ పెట్టుకోవడంలో సాయపడ్డారు, 1962 యుద్ధం తర్వాత విమానాలతో నిఘా పెట్టే ఏవియేషన్ రీసెర్చ్ సెంటర్ చూశారు. ఇన్ని చేశాకే, యాభై ఏళ్ల వయసులో చీఫ్ అయ్యారు. నీకిప్పుడు ఇరవై దాటి ఉంటాయి. తొందరేమీ లేదు, పునాది సంగతి చూసుకో.

ప్రశ్న: భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేశాను. పరుగులు, తుపాకులు నావల్ల కాదు. నాలాంటి ఆడపిల్లకు ఈ రంగంలో చోటు ఉంటుందా?

ఉంటుందమ్మా. తుపాకీ పట్టుకునేవాళ్లు ఈ రంగంలో చాలా తక్కువ. ఎక్కువ మంది పని చదవడం, వినడం, పోల్చి చూడటం, రాయడం.

బ్రిటన్‌లో దేశం లోపలి భద్రత చూసే ఎంఐ5కి తొలి మహిళా డైరెక్టర్ జనరల్ స్టెల్లా రిమింగ్టన్. ఆమె అసలు పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్ ఉద్యోగి. భర్తకు ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషన్‌లో ఉద్యోగం వస్తే వెంట వచ్చి, 1967లో అక్కడే ఎంఐ5 మనిషికి టైపిస్టుగా సాయం చేయడంతో మొదలుపెట్టారు, 1992లో సంస్థకే అధిపతి అయ్యారు. విదేశీ నిఘా చూసే ఎంఐ6కి 2025లో తొలిసారి ఒక మహిళ, బ్లేజ్ మెట్రెవెలీ, చీఫ్ అయ్యారు. ఆమె చదివింది సామాజిక మానవశాస్త్రం, 1999లో చేరి టెక్నాలజీ విభాగాన్ని నడిపిన తర్వాత పైకి వచ్చారు. అమెరికా విదేశీ నిఘా సంస్థ సీఐఏలో జీనా హాస్పెల్ 1985లో చేరి 2018లో డైరెక్టర్ అయ్యారు. మన దగ్గర ఐబీకి గానీ 'రా'కి గానీ ఇంతవరకు మహిళ అధిపతి కాలేదు, కానీ ఆ కుర్చీ ఆడవాళ్లది కాదని ఎవరూ రాసి పెట్టలేదు.

మీ భాష ఎక్కడ పనికొస్తుందో చెబుతాను. సరిహద్దు అవతలి పత్రికలో నాలుగు లైన్ల వార్త వస్తుంది, ఫలానా జనరల్‌ని ఫలానా చోటుకి బదిలీ చేశారని. ఆ భాష రానివాళ్లకు అది అనువాదంలో, రెండు రోజులు ఆలస్యంగా, సగం అర్థంతో అందుతుంది. భాష వచ్చినవాళ్లకు అదే రోజు ఉదయం, ఆ జనరల్ గురించి పోయిన ఏడాది వచ్చిన వార్తతో కలిపి కనబడుతుంది. ఇందులో రహస్య పత్రం ఒక్కటీ లేదు, అయినా పైవాళ్లకు పనికొచ్చే నోట్ ఒకటి తయారైంది. పష్తో, బర్మీస్, మాండరిన్ లాంటి భాష ఒకటి ఎంచుకుని కూర్చోండి, వాటిని పట్టుదలగా నేర్చినవాళ్లు మన దగ్గర బాగా తక్కువ. ఆ నాలుగు లైన్లు చదివి సగం పేజీలో తేల్చి రాయడం రోజూ సాధన చేయండి, ఎందుకంటే పైన కూర్చున్నవాళ్లకు ఆ సగం పేజీ కంటే ఎక్కువ చదివే తీరిక ఉండదు.

ప్రశ్న: ఇలాంటి సంస్థల అధిపతులు ప్రధాని, అధ్యక్షుడు ఏం వినాలనుకుంటే అదే చెబుతారని అంటారు. నిజమేనా? నిజం చెప్పినవాళ్లకు ప్రమోషన్ వస్తుందా?

ఈ ఉద్యోగాల్లో అసలు పరీక్ష మీరడిగిన దాంట్లోనే ఉంది, అందుకే కొంచెం ఎక్కువే రాస్తాను.

రిచర్డ్ హెల్మ్స్ అని ఒకాయన. మొదట విలేఖరి, 1936లో బెర్లిన్‌లో పనిచేస్తూ హిట్లర్‌ని కలిసి మాట్లాడినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నిఘాలోకి వచ్చి, సీఐఏ పుట్టిన 1947 నుంచీ అందులోనే పెరిగి, 1966లో డైరెక్టర్ అయ్యాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో వియత్నాం మీద ఆయన ముందు రెండు పనులున్నాయి. ఒకటి, యుద్ధంలో ఓడిపోతే అమెరికాకు ఏమవుతుంది అన్న నోట్. ఓడినా దేశ భద్రత కూలిపోదని అందులో రాశారు. అధ్యక్షుడు జాన్సన్‌కి ఇలాంటి మాట చెప్పడానికి గుండె కావాలి. హెల్మ్స్ ఆ నోట్‌ని సీలు వేసిన కవర్లో పెట్టి అధ్యక్షుడికి ఒక్కడికే ఇచ్చాడు. జాన్సన్ దాన్ని తన దగ్గరే ఉంచేసుకున్నాడు.

రెండోది శత్రువుల లెక్క. శామ్ ఆడమ్స్ అనే సీఐఏ విశ్లేషకుడు పట్టుబడ్డ పత్రాలు ఒక్కొక్కటీ చూసి, వియత్నాంలో శత్రు బలం 6 లక్షల దాకా ఉండొచ్చని తేల్చాడు. సైన్యం మాత్రం 3 లక్షలు దాటడానికి వీల్లేదని భీష్మించుకు కూర్చుంది, ఎందుకంటే గెలుస్తున్నామని జనానికి చెప్పేశారు, ఇప్పుడు లెక్క రెట్టింపైతే పత్రికలు ఊరుకోవు. అదే నెలలో సైగాన్‌లో జరిగిన సమావేశంలో సీఐఏ వెనక్కి తగ్గి సైన్యం లెక్కకే ఒప్పుకుంది. నాలుగు నెలలకే, 1968 జనవరి చివర్లో, వియత్నాం కొత్త సంవత్సరం పండుగ 'టెట్' సమయంలో శత్రువుల దాడి దేశమంతటా ఒక్కసారిగా విరుచుకుపడింది.

ఒకే మనిషి, ఒకే నెల. నాలుగు గోడల మధ్య నిజం చెప్పగలిగాడు, పది మంది సంతకాలు పెట్టే కాగితం మీద చెప్పలేకపోయాడు. హెల్మ్స్ పిరికివాడని నేను అనను. 1972లో వాటర్‌గేట్ (ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో దొంగచాటుగా చొరబడ్డ కేసు) దర్యాప్తును ఆపడానికి సీఐఏ పేరు వాడుకోవాలని అప్పటి అధ్యక్షుడు నిక్సన్ మనుషులు చూసినప్పుడు ఆయన సంస్థను అందులోకి లాగనివ్వలేదు. 1973లో కుర్చీ పోయింది, రాయబారిగా ఇరాన్ పంపేశారు. చిలీలో సీఐఏ చేసిన పనుల మీద సెనేట్‌కి పూర్తి నిజం చెప్పనందుకు 1977లో కోర్టు ఆయనకు 2,000 డాలర్ల జరిమానా, అమలు కాని రెండేళ్ల శిక్ష వేసింది. రహస్యం కాపాడతానని చేసిన ప్రమాణం ఒకటి, ప్రజాప్రతినిధులకు నిజం చెబుతానని చేసిన ప్రమాణం ఇంకొకటి. ఆ రెండూ ఢీకొన్న చోట ఆయన తప్పు వైపు నిలబడ్డాడన్నది నా అభిప్రాయం.

2002 అక్టోబరులో ఇరాక్ ఆయుధాల మీద అమెరికా నిఘా సంస్థలన్నీ కలిసి ఇచ్చిన అంచనా ఇంకో ఉదాహరణ. మూడు వారాలు కూడా తీసుకోకుండా హడావిడిగా తయారుచేశారు. ఇరాక్ అణు కార్యక్రమాన్ని మళ్లీ మొదలుపెట్టిందన్న మాటకు ఆధారం చాలదని విదేశాంగ శాఖలోని చిన్న నిఘా విభాగం అందులోనే భిన్నాభిప్రాయం రాసింది. వాళ్లు చెప్పిందే సరైనదని తర్వాత తేలింది, ఈలోపు యుద్ధం అయిపోయింది.

ప్రమోషన్ సంగతి అడిగారు. నిజం చెప్పినవాళ్లకు ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. ఆడమ్స్ 1973లో ఉద్యోగం వదిలేశాడు. అందుకే ఐబీ, 'రా' అధిపతులకు రెండేళ్ల నిర్ణీత పదవీకాలం పెట్టడం మంచి పని అంటాను, కనీసం రేపు పొద్దున తీసేస్తారన్న భయం ఉండదు. పొడిగింపు ఆశ ఉన్నచోట మాత్రం ఆ ధైర్యం మళ్లీ సన్నగిల్లుతుంది.

ప్రశ్న: మా ఆయన ఇలాంటి శాఖలోనే పెద్ద ఉద్యోగం చేస్తున్నారు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో చెప్పరు. నా మీద నమ్మకం లేదేమోనని బాధగా ఉంది.

మీ బాధ చిన్నది కాదమ్మా. కానీ అది నమ్మకం లేకపోవడం కాదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఆయన నెత్తి మీద ఉంది, 1985లో నిఘా ఉద్యోగుల కోసమే తెచ్చిన చట్టం ఇంకొన్ని ఆంక్షలు పెట్టింది. ఆయన మీకు చెప్పకపోవడం వల్ల మీకు తెలియనిది మీ నోట జారదు, మిమ్మల్ని ఎవరూ ఇరికించలేరు. రిమింగ్టన్ పేరు ప్రభుత్వం బయటపెట్టాక పత్రికలవాళ్లు ఆమె ఇంటిదాకా వచ్చేశారు, చివరికి ఆ కుటుంబం ఇల్లు మారాల్సి వచ్చింది.

అయినా మీరు అడగాల్సినవి, ఆయన చెప్పి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆయన ఊళ్లో లేనప్పుడు ఏదైనా అవసరం వస్తే ఆఫీసులో ఎవరికి ఫోన్ చేయాలి? నామినేషన్లలో మీ పేరుందా? వైద్యం కార్డులు, బీమా కాగితాలు ఎక్కడున్నాయి? బదిలీ అయితే పిల్లల చదువు మధ్యలో పడుతుందా? ఇవి రహస్యాలు కావు, వీటి గురించి ఒకరోజు కూర్చోబెట్టి అడగండి, కాగితం మీద రాయించుకోండి. చుట్టాలు అడిగితే 'కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం' అని ఊరుకోండి. ఆయన ఫొటో, ప్రయాణాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. ఒంటరిగా అనిపిస్తే కౌన్సెలర్‌తో మాట్లాడటంలో తప్పేమీ లేదు, ఆయన ఉద్యోగం గురించి నోరెత్తకుండానే మీ మనసు గురించి మాట్లాడొచ్చు.

ప్రశ్న: రిటైరయ్యాక వీళ్లు ఏం చేస్తారు? జాతీయ భద్రతా సలహాదారు కావాలంటే గూఢచార శాఖలోనే పనిచేసి ఉండాలా?

అక్కర్లేదు. 1998లో ఆ పదవి పెట్టినప్పటి నుంచి మన దేశంలో దాన్ని నిర్వహించినవాళ్లు ఐదుగురు. బ్రజేష్ మిశ్రా, జె.ఎన్. దీక్షిత్, శివశంకర్ మీనన్ విదేశాంగ సర్వీసు వాళ్లు. ఎం.కె. నారాయణన్, అజిత్ దోవల్ ఐబీ డైరెక్టర్లుగా చేసినవాళ్లు. దోవల్ 1968 బ్యాచ్ కేరళ క్యాడర్ ఐపీఎస్, 2005లో రిటైరై, తొమ్మిదేళ్ల తర్వాత 2014లో ఈ పదవిలోకి వచ్చారు. నారాయణన్ సలహాదారు పదవి తర్వాత పశ్చిమ బెంగాల్ గవర్నరుగా వెళ్లారు. అమెరికాలో రాబర్ట్ గేట్స్ సీఐఏ డైరెక్టర్‌గా చేసి, విశ్వవిద్యాలయం నడిపి, తర్వాత రక్షణ మంత్రి అయ్యారు. ఇంకో వైపు నుంచి విలియం బర్న్స్ మూడు దశాబ్దాలకు పైగా దౌత్యవేత్తగా పనిచేసి 2021లో సీఐఏకే అధిపతిగా వచ్చారు.

ఎక్కువ మంది మాత్రం ఇంట్లోనే ఉంటారు, కొందరు పత్రికల్లో వ్యాసాలు రాస్తారు. అందులోనూ మన దగ్గర 2021 మేలో పింఛను నిబంధనలు మార్చారు. ఈ సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్లు ఆ సంస్థ పనికి సంబంధించినది ఏది ప్రచురించాలన్నా అధిపతి ముందస్తు అనుమతి కావాలి, లేకపోతే పింఛనుకే ఎసరు. రహస్యాలు కాపాడటం సరే, కానీ పొరపాట్ల గురించి అనుభవం ఉన్నవాళ్లు మాట్లాడకపోతే కొత్తవాళ్లు ఎవరి దగ్గర నేర్చుకుంటారు? అమెరికాలో సీఐఏ మాజీలు కూడా రాసింది ముందే చూపించాలి, అయితే అక్కడ దానికోసమే ఒక బోర్డు ఉంది, అది కాదంటే కోర్టుకి వెళ్లొచ్చు. మన దగ్గర కూడా అలాంటి బోర్డు ఒకటి పెట్టాలి, అనుమతి ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి.