కూలి లెక్కల ప్రోగ్రాం మొదలుపెట్టే ముందు, బుజ్జికి

బుజ్జీ,

రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. నెల్లూరు పక్క బుచ్చి దగ్గర రైస్ మిల్లు వాళ్లకి హమాలీల కూలి లెక్కగట్టే ప్రోగ్రాం రాసిస్తానని ఒప్పుకున్నావంట. అదీ పైథాన్‌లో, అదీ ఒక్కదానివే. "అంతా నీ పోలికేలే అక్కా" అని నవ్వాడు. నాకూ గర్వంగానే అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు ఇంకేదన్నా రాస్తున్నావంటే ఇంత కంగారు పడేదాన్ని కాదు. కూలి లెక్క అన్నావే, అక్కడ పడింది నాకు. అందుకే వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెట్టకుండా కూర్చుని రాస్తున్నా.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తా. ఫంక్షన్ అంటే పేరు పెట్టి ఉంచుకున్న పని ముక్క, ఆ పేరు పక్కన బ్రాకెట్లు పెడితేనే పని జరుగుతుంది. ఉత్త పేరు రాస్తే మనిషిని తలుచుకున్నట్టే, పిలిచినట్టు కాదు. పైథాన్ కూడా ఏమీ అనదు, ఊరుకుంటుంది. తేల్చిన విలువ బయటికి ఇచ్చే రిటర్న్ రాయడం మర్చిపోతే చేతికి వచ్చేది నన్, అంటే ఏమీ లేదని. ఇచ్చే విలువలు రెండు మూడు ఉంటే పేర్లు పెట్టి ఇవ్వు: బస్తాలు=240, రేటు=6, జనం=8 అని. వరసను నమ్ముకుంటే రేటు చోట జనం పడినా ఏదో ఒక అంకె వస్తుంది, అది తప్పుడు అంకె అని ఎవరికీ తెలీదు. ఇవన్నీ నీకు వచ్చని నాకూ తెలుసు. పెద్దదాన్ని కదా, చెప్పకుండా ఉండలేను.

1997లో నేను ఒంగోల్లో ఒక కంప్యూటర్ సెంటర్లో పాత కంప్యూటర్లని నడిపే డాస్ నేర్పేదాన్ని. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ వాళ్లు జీతాల ప్రోగ్రాం కావాలని వచ్చారు. వారం కూలి, శనివారం సాయంత్రం కవర్లో పెట్టి ఇస్తారు. ఇరవై మూడేళ్ల దాన్ని, ఎగిరి గంతేసి ఒప్పుకున్నా. అప్పట్లో లెక్కల ప్రోగ్రాములు రాసుకునే ఫాక్స్‌ప్రో 2.6లో రాశా. మెయిన్ ప్రోగ్రాం ఒక్కో మనిషికి వారం కూలి కూడుతుంది, తర్వాత అడ్వాన్సు ప్రొసీజర్‌ని (మీ ఫంక్షన్ లాంటిదే) పిలుస్తుంది. అది ఆ మనిషి తీసుకున్న అడ్వాన్సులన్నీ కూడి బాకీ ఎంత మిగిలిందో చూస్తుంది. తిరిగొచ్చాక మెయిన్ ప్రోగ్రాం కూలిలోంచి 50 రూపాయల వాయిదా కోసి కవర్ మీద అంకె ప్రింటు చేస్తుంది.

కూలి మొత్తానికి నేను పెట్టిన పేరు ఎంటాట్. అడ్వాన్సుల మొత్తానికి పెట్టిన పేరూ ఎంటాట్. ఆ ఫాక్స్‌ప్రో పేరులో మొదటి పది అక్షరాలే చూసేది, అందుకని అందరం కురచ పేర్లకే అలవాటు పడ్డాం, చివరికి అన్ని పేర్లూ ఒకేలా ఉండేవి. పైగా దానికొక గుణం ఉంది. నువ్వొక ప్రోగ్రాంలో పెట్టిన పేరు, నువ్వు పిలిచిన ప్రొసీజర్‌కీ కనిపిస్తుంది, అది పిలిచే దానికీ కనిపిస్తుంది. పేరంటే విలువ దాచుకునే డబ్బా అనుకో. లోపల అదే పేరుకి కొత్త విలువ ఇస్తే వేరే డబ్బా పుట్టదు, నీ డబ్బాలోదే మారిపోతుంది. అట్లా కాకూడదంటే ప్రొసీజర్ మొదట్లో ప్రైవేట్ అని ఆ పేరు రాసుకోవాలి. లోకల్ అనే మాట విజువల్ ఫాక్స్‌ప్రోలో వచ్చింది, మా సెంటర్లో అది లేదు. ఉన్న ప్రైవేట్‌నేమో నేను రాయలేదు.

టెస్ట్ చేశావా అంటావేమో. చేశా తల్లీ, ఐదుగురి పేర్లతో. ఆ ఐదుగురినీ నేనే పుట్టించా, ఒక్కరికీ అడ్వాన్సు పెట్టలేదు. అడ్వాన్సు లేకపోతే ప్రొసీజర్ మొదటి లైన్లోనే వెనక్కి వచ్చేస్తుంది, ఎంటాట్ జోలికి పోదు. ఐదుగురికీ కరెక్టుగా వచ్చింది. ఆ రోజు సెంటర్లో అందరికీ టీ ఇప్పించా కూడా.

శనివారం కవర్లు పంచారు. రోజుకి 70 చొప్పున ఆరు రోజులకి 420 కూలి. 2000 బాకీ ఉన్నాయనకి 370 రావాలి. నా ప్రోగ్రాం ఆయన బాకీనే కూలి అనుకుని, అందులో 50 కోసి, 1950 ప్రింటు చేసింది. ఎంత అప్పుంటే అంత జీతం! ఇంకొకాయనకి 100 రూపాయలే బాకీ. ఆయన కవర్లో 50 రూపాయలు పెట్టారు. వారమంతా రాతి దుమ్ములో నిలబడితే 50 రూపాయలు, బుజ్జీ.

1950 వచ్చినాయన ఆదివారమే పోయి తిరిగి ఇచ్చేశాడు. క్యాష్ తక్కువ పడిందని క్యాషియర్ సోమవారం పొద్దున్నే సెంటర్‌కి ఫోన్ చేసి నన్ను కడిగేశాడు. బస్సెక్కి పోయా. ఆ 50 రూపాయలాయన మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ వారం ఆయన చేతిలో ఒక పలక అంచు విరిగిందంట. దానికే కోసుకున్నారనుకుని కవర్ జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు. తక్కువ పడిన 320 నేనే తీసుకెళ్లి ఇచ్చి, తప్పు నాది అని చెప్పా. ఆయన లెక్కపెట్టుకోలేదు. "అయితే మేడమ్, పలక సంగతి ఇంకా ఉన్నట్టేనా?" అని అడిగాడు.

ఇరవై ఎనిమిదేళ్లయినా ఆ మాట నా చెవుల్లోంచి పోలేదు.

ఇదంతా ఎందుకంటే, మీ పైథాన్‌లో నా తప్పు నేరుగా జరగదు. ఫంక్షన్ లోపల విలువ ఇచ్చిన పేరు ఆ ఫంక్షన్ సొంతం, బయట అదే పేరున్నా దాన్ని తాకదు. పేరు కోసం ముందు లోపల వెతుకుతుంది, తర్వాత దాన్ని చుట్టుకుని ఉన్న ఫంక్షన్లో, తర్వాత ఫైలు మొత్తంలో, ఆఖరికి పైథాన్ తనతో తెచ్చుకున్న పేర్లలో. ఎవరు పిలిచారన్నది కాదు, ఎక్కడ రాశావన్నదే దానికి లెక్క. ఈ ఒక్క తేడా ఆ రోజు నాకుంటే చీమకుర్తి బస్సెక్కే పని ఉండేది కాదు.

కానీ నీ గురించి నాకో భయం ఉంది. నీకు తొందరెక్కువ. బయట మొత్తం=0 అని పెట్టి, ఫంక్షన్ లోపల మొత్తం = మొత్తం + కూలి అని రాస్తావు. అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్ అని ఎర్రగా అరుస్తుంది. లోపల విలువ ఇచ్చావు కాబట్టి ఆ పేరు లోపలిదే అనుకుంది, లోపల చూస్తే ఇంకా ఏమీ లేదు, అందుకే అరుపు. పైన గ్లోబల్ మొత్తం అని ఒక లైను పెడితే నోరు మూసుకుంటుందని ఎవరో ఒకరు చెప్తారు. మూసుకుంటుంది కూడా, కానీ లోపల ఇచ్చిన విలువ బయటి మొత్తాన్నే మార్చేస్తుంది. నువ్వు అప్పుడు నా ఫాక్స్‌ప్రో లోకి వచ్చి పడ్డట్టే. ఆ లైను నీ ప్రోగ్రాంలో కనపడిందో, మేనకోడలివని కూడా చూడను. కావాల్సింది బ్రాకెట్లోంచి లోపలికి పంపు, తేల్చింది రిటర్న్‌తో బయటికి తెచ్చుకో.

ఇంకోటి. ఫాక్స్‌ప్రోలో పిలిచే తీరునిబట్టి మారేది: డూ, విత్ అని పిలిస్తే డబ్బానే ఇచ్చేసినట్టు, బ్రాకెట్లతో పిలిస్తే మామూలుగా నకలు ఇచ్చినట్టు. పైథాన్‌లో పిలిచే తీరు ఒకటే, తేడా అంతా పంపే వస్తువులో ఉంది. అంకె పంపితే భయం లేదు. చాలా విలువలు ఒకచోట పెట్టుకునే లిస్టో డిక్షనరీయో పంపితే, లోపల దానికి ఒకటి చేర్చినా తీసేసినా నీ దగ్గరున్నదీ మారుతుంది, ఎందుకంటే ఉన్నది ఒక్కటే.

దీనికంటే దొంగది ఇంకోటుంది. కోతలు రాసే ఫంక్షన్ బ్రాకెట్లో పట్టీ=[] అని ఖాళీ లిస్టు పెట్టుకుంటావు, ఇవ్వకపోతే ఖాళీగా మొదలవుతుందిలే అని. ఆ లిస్టు పిలిచినప్పుడల్లా పుట్టదు. ఫంక్షన్ని మొదలుపెట్టే డెఫ్ లైను నడిచినప్పుడు ఒక్కసారే పుడుతుంది. మొదటి హమాలీ కోత అందులోనే ఉండిపోయి, రెండో హమాలీ లెక్కలోకి వస్తుంది. మూడో ఆయనకి ఇద్దరివీ. ఒక్క మనిషితో టెస్ట్ చేస్తే అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. అక్కడ నన్ పెట్టి, లోపలికి వచ్చాక నన్ అయితే కొత్త లిస్టు చేసుకో.

పేర్లు మాత్రం పొడుగ్గా పెట్టుకో. పైథాన్ 3లో తెలుగు అక్షరాలతో పేరు పెట్టినా ఒప్పుకుంటుంది, వారం_కూలి, మిగిలిన_అడ్వాన్సు అని రాసుకో, ఎవరొద్దన్నారు? మాకు పది అక్షరాలకే దిక్కులేదు. సమ్, లిస్ట్ లాంటి పైథాన్ సొంత పేర్లు మాత్రం నీ లెక్కలకి పెట్టకు, తర్వాత వాటిని పిలవబోతే నీ అంకె అడ్డం పడుతుంది.

ఎంతకి ఒప్పుకున్నావో మీ నాయన చెప్పలేదు. సగం ముందే తీసుకో. మొహమాటపడకు.

ముఠా మేస్త్రి దగ్గర పుస్తకం ఉంటుంది, బస్తాలూ అడ్వాన్సులూ అందులో రాసుకుంటాడు. దాంట్లోంచి నాలుగు వారాలు ఫోటోలు తీసి నాకు పంపు, అడ్వాన్సులున్నవాళ్లు తప్పకుండా ఉండాలి. నేను కాగితం మీద వేస్తా, నువ్వు ప్రోగ్రాంలో వెయ్యి, రూపాయితో సహా కలిసిందాకా మిల్లు వాళ్లకి ఇవ్వొద్దు. మొదటిసారి డబ్బులు పంచే రోజు నువ్వు అక్కడే నిలబడు, కవర్ విప్పి చూసుకునేవాళ్ల మొహాలు చూడు. ఏ రోజో చెప్తే నేనూ పొద్దున రైలుకి నెల్లూరు వచ్చేస్తా. స్టేషన్‌కి మీ నాయనని పంపు, నువ్వు రావొద్దు, మిల్లు దగ్గరే ఉండు. మలై కాజా మాత్రం కొని పెట్టించు.

అత్త