డ్రిల్లు ఆన్ చేసే ముందు ఒక్కసారి చదువు

చి.సౌ. స్వాతికి,

మావయ్య ఆశీస్సులు. నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు కారు బంపర్‌కి నాలుగు బొక్కలు పెడుతుందిట, అన్నీ నీ బుద్ధులే" అంది. తిట్టిందో మెచ్చుకుందో తెలీలేదు. నాకు మాత్రం ఛాతీ రెండంగుళాలు పెరిగింది. రాత్రి పడుకున్నాక ఆ రెండంగుళాలూ కాస్తా తగ్గి గుబులు మొదలైంది. ఇదిగో, పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా రాస్తున్నాను.

బండి వెనక్కి తీసేటప్పుడు అడ్డం ఏదైనా ఉంటే కూసే పార్కింగ్ సెన్సర్లు పెట్టడానికి షాపువాడు రెండున్నర వేలు అడిగాడని నువ్వే బిగించుకుంటానంటున్నావట. తప్పులేదు. 2019 జూలై 1 తర్వాత తయారైన కార్లన్నిటికీ వెనక సెన్సర్లు ఉండి తీరాలని రూలు వచ్చింది. మీది 2017 వ్యాగనార్, అందుకే లేవు. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నప్పుడే నన్నడిగితే చెప్పేవాణ్ణి, వదిలెయ్.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తాను. హ్యాండ్ బ్రేక్ లాగు, ముందు చక్రాల కింద చెరో ఇటుక పెట్టు. సెన్సర్ల కరెంటు ఏ తీగకి కలపాలో తేల్చుకున్నాక (అదెలాగో కింద రాశాను), కటింగ్ ప్లేయర్ చేతిలోకి తీసుకునే ముందు, పదో నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ తీసెయ్. చున్నీ వేసుకుని డ్రిల్లు పట్టుకోకు. బుజ్జిగాణ్ణి పైన మీ అత్తగారి దగ్గర వదిలి రా.

నీ డ్రిల్లు కర్టెన్ రాడ్ల కోసం కొన్నదట కదా. అంటే గోడకి కొట్టే హ్యామర్ మోడ్ ఉంటుంది. అది ఆపావో లేదో రెండుసార్లు చూసుకో. ప్లాస్టిక్ బంపర్ మీద హ్యామర్ కొట్టిందంటే నెర్రెలు పోతుంది. వేగం తగ్గించి నెమ్మదిగా తిప్పు. కిట్‌లో ఇచ్చిన రౌండ్ కటర్‌ని నమ్మెయ్యకు. చాలావాటికి 22 మిల్లీమీటర్ల బొక్క కావాలి, కొన్నిటికి 18. పాత పెయింటు బకెట్ ఒకటి తీసుకుని దాని మీద ముందు ఒక బొక్క పెట్టు. సెన్సర్ అందులో బిగువుగా కూర్చుంటేనే బంపర్ దగ్గరికి వెళ్ళు. బకెట్ పాడైతే ఎవడూ ఏడవడు.

బంపర్ మీద మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద పెన్సిల్‌తో చుక్కలు పెట్టు. చివరి రెండూ బంపర్ పక్కలకి మలుపు తిరిగే చోటుకి కాస్త ఇవతల, మధ్య రెండూ వాటి మధ్య సమాన దూరంలో, నంబరు ప్లేటుకి అడ్డం రాకుండా. తర్వాత పది అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడి చూడు. ముగ్గు వేశాక లేచి నిలబడి చూసుకుంటారే, అలాగన్నమాట. వంకర దూరం నుంచే తెలుస్తుంది. కిందికి వంగి ఫోన్ టార్చ్ వేసి బంపర్ వెనక ఏముందో కూడా చూడు. ఇనప బార్ ఉన్నచోట బొక్క పెడితే సెన్సర్ లోపలికి దిగదు, ఆ బొక్క మాత్రం ఉండిపోతుంది. ముందు సన్న బిట్‌తో చిన్న బొక్క, ఆ తర్వాతే పెద్ద కటర్. అంచులు ఆకురాయితో లాగు.

ఇక ఎత్తు. ఇక్కడ ఆగు, స్వాతీ. ఇది ఇంతవరకూ మీ అమ్మకి కూడా చెప్పలేదు.

2010లో, పెళ్ళిళ్ళ రోజులు. ఆటోనగర్‌లో మన షాపు ముందు బళ్ళు వరసగా నిలబడున్నాయి. కంకిపాడు వైపు నుంచి ఒకాయన ఇండికా తెచ్చాడు, కొత్తగా సెన్సర్లు పెట్టించుకోవాలని. బంపర్ కింది భాగంలో నల్ల పట్టీ ఉంటుంది చూడు, అందులో పెడితే నల్ల సెన్సర్లు కనబడవు, అందంగా ఉంటుంది అన్నాడు. టేపు పెట్టి కొలిచాను. నేల నుంచి నలభై సెంటీమీటర్లు. తక్కువని తెలుసు. యాభై, అరవై మధ్య ఉండాలని కిట్ కాగితం మీదే ఉంది. కానీ కస్టమర్ ముచ్చటపడ్డాడు, నాకు టైము లేదు. పెట్టేశాను. షాపులో సిమెంటు నేల మీద ఖాళీ బండిని వెనక్కి తీసి చూస్తే బంగారంలా పనిచేసింది. డబ్బులు తీసుకున్నాను.

నాలుగో రోజు తిరిగి వచ్చాడు. ఊరికే మొత్తుకుంటోందన్నాడు. అయిదుగురు ఎక్కి, డిక్కీలో సామాను వేస్తే వెనక వైపు దిగుతుంది. దిగితే సెన్సర్ చూపు నేల మీదికి వంగుతుంది. అది రోడ్డునే గోడ అనుకుని కూస్తోంది. చూడగానే నాకు అర్థమైంది. సరిచెయ్యాలంటే పైన కొత్త బొక్కలు పెట్టాలి, కింద పాతవి నాలుగు అలాగే నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. అంటే బంపరే మార్చాలి, నా జేబులోంచి. అప్పుడు నేను చేసిన పని చెప్తున్నాను విను. బజర్ పెట్టె విప్పి, శబ్దం వచ్చే చిల్లు మీద టేపు రెండు మడతలు అంటించాను. "సౌండు తగ్గించాను సార్, ఇక విసిగించదు" అన్నాను. ఆయన సంతోషంగా వెళ్ళాడు. ఇరవై రూపాయలు టీకి కూడా ఇచ్చాడు.

రెండు వారాల తర్వాత ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని తోటకూర బాగుచేస్తోందిట. ఈయన పెళ్ళికి వెళ్ళే తొందరలో బండి నిండా జనాన్ని ఎక్కించుకుని వెనక్కి తీశాడు. బజర్ మూలిగింది. అది ఎప్పుడూ మూలిగేదే కదా అనుకున్నాడు. నాన్నా పులి కథ చిన్నప్పుడు నేనే నీకు చెప్పాను, గుర్తుందా? పెద్దావిడ పీట మీంచి పక్కకి పడింది. మణికట్టు విరిగింది. దేవుడి దయ, చక్రం దాకా రాలేదు.

నేను బత్తాయిలు తీసుకుని వెళ్ళాను. చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను. టేపు సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా తిరిగి రావచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. ఆవిడ చాలాసేపు నా చేతుల వైపు చూసి, "బండికి నోరిచ్చి మళ్ళీ నువ్వే గుడ్డ కుక్కావా నాయనా" అంది. కోడల్ని పిలిచి మజ్జిగ ఇమ్మంది. ఆ మజ్జిగ గొంతు దిగలేదు. మర్నాడు బండి తెప్పించి, కొత్త బంపర్ నా డబ్బుతో కొని, యాభై అయిదు సెంటీమీటర్ల ఎత్తులో మళ్ళీ బిగించాను. ఆ టేపు ముక్క చాలాకాలం నా టూల్‌బాక్స్ మూతకి అంటించే ఉంచాను. గమ్ ఎండిపోయి ఎప్పుడో రాలిపోయింది.

అందుకని నువ్వు చెయ్యాల్సింది: చదును నేల మీద కొలిచి యాభై అయిదు దగ్గర గీత గియ్యి. తర్వాత అల్లుణ్ణీ, వాచ్‌మన్‌నీ, ఇంకో ఇద్దర్నీ బండి ఎక్కించి మళ్ళీ కొలువు. అప్పుడు కూడా యాభైకి తగ్గకూడదు. ఒక్కో సెన్సర్ వెనక బాణం గుర్తో, పైకి అనే ఇంగ్లీషు మాటో ఉంటుంది. అది ఆకాశం వైపే ఉండాలి. తలకిందులైతే అదీ నేలనే చూస్తుంది. బిగించాక ఒట్టినే కూస్తే బజర్ జోలికి వెళ్ళకు. ఎందుకు కూస్తోందో వెతుకు.

సెన్సర్ లోపల ఉన్నదల్లా గబ్బిలం విద్యే. సెకనుకి దాదాపు 40 వేల కంపనాల శబ్దం, మన చెవికి వినబడదు, వదులుతుంది. అది దేనికైనా తగిలి తిరిగొస్తే, ఎంతసేపట్లో వచ్చిందో చూసి దూరం లెక్కగడుతుంది. మీటరు దూరంలో గోడ ఉంటే పోయి రావడానికి సెకనులో వెయ్యో వంతులు ఓ ఆరు పడుతుంది. తిరిగి రానిది దానికి లేనట్టే. సన్నటి గొలుసు, తాడు, ఏటవాలు రేకు, దూది పరుపులాంటి మెత్తటి సామాను, వీటిని ఒక్కోసారి పట్టుకోదు. మీ సెల్లార్‌లో పార్కింగ్‌కి అడ్డంగా గొలుసు కట్టారని అమ్మ చెప్పింది. దాన్ని నువ్వే చూసుకోవాలి.

వైరింగ్‌కి వద్దాం. టెయిల్ ల్యాంపు స్క్రూలు విప్పి బయటికి లాగితే తీగల గుత్తి కనబడుతుంది. ఇంజన్ ఆపే ఉంచి, తాళం ఆన్‌లో పెట్టి, రివర్స్ గేరు వెయ్యి. తీగలో కరెంటు ఉంటే వెలిగే టెస్ట్ ల్యాంపు ఉంటుంది కదా, దాని క్లిప్పు బండి బాడీకి పెట్టి, సూదితో ఒక్కో తీగా చూడు. రివర్స్‌లో వెలిగి, గేరు తీస్తే ఆరిపోయేదే నీ తీగ. రంగు చూసి అనుకోకు, వెలుగు చూసి నమ్ము. పొరపాటున పార్కు లైటు తీగకి ఇచ్చావనుకో, రాత్రి లైట్లు వేసిన దగ్గర్నుంచీ ఊరంతా వినబడేలా కూస్తుంది. కిట్ ఎర్ర తీగ దానికి, నల్లది ఎర్త్‌కి. ఎర్త్ పెట్టేచోట బోల్టు కింద రంగు గీకి ఇనుము కనబడనివ్వు. మధ్యలో ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టు, వద్దని ఎవడు చెప్పినా సరే.

ఒట్టి తీగ మెలేసి టేపు చుట్టడం మాత్రం వద్దు. మే నెల ఎండకి ఆ టేపు గమ్ కారిపోయి, పొరలు విడిపోయి వేలాడుతుంది. సోల్డర్ పెట్టి స్లీవ్ ఎక్కించు. బయట నుంచి డిక్కీలోకి తీగ తెచ్చేటప్పుడు కొత్త చిల్లు చెయ్యకుండా, అక్కడ ఉన్న రబ్బరు బిరడాలోంచే దూర్చు. రేకు అంచు తగిలితే తీగ తోలు ఊడుతుంది. సైలెన్సర్ పైపుకి దూరంగా కట్టు. కంట్రోల్ పెట్టెని స్క్రూలతో కింది రేకుకి బిగించకు. వెనక సీటు కింద పెట్రోలు ట్యాంకు ఉంది తల్లీ, నీ స్క్రూ అటుపక్క ఎక్కడ తేలుతుందో నీకు తెలీదు. డబుల్ సైడ్ టేపుతో పక్క గోడకి అంటించు.

డిస్‌ప్లే ఉన్న కిట్ కొన్నావట. అది డబ్బాలోనే ఉంచెయ్, బజర్ ఒక్కటీ పెట్టుకో. అంకెలు చూడ్డం మొదలెడితే అద్దాలు చూడవు. ఇది పాతకాలపు వాడి ఛాదస్తం అనుకున్నా సరే.

మీ తాతయ్య లారీకి సెన్సర్ ఎవరో తెలుసా? క్లీనర్. వెనక నిలబడి "రానీ... రానీ... రైట్ కొట్టు... రానీ... హోల్డాన్!" అని బాడీ మీద రెండు దెబ్బలు. నాకు పన్నెండేళ్ళప్పుడు సెలవుల్లో ఆ పని నేనూ చేశాను. ఒకసారి హోల్డాన్ అనడం ఆలస్యమైతే లారీ పాకకి ఆనింది. తాతయ్య దిగొచ్చి కొట్టలేదు. "వెనకున్నవాడు నిద్రపోతే ముందున్నవాడు గుడ్డివాడురా" అన్నాడు. అంతే. ఆ పెద్దావిడ మాట విన్నప్పుడు మా నాన్నే మళ్ళీ అన్నట్టయింది.

పరీక్ష చేసేటప్పుడు గోడ ఒక్కటే చూసి సరిపెట్టుకోకు. ప్లాస్టిక్ బకెట్, స్తంభం, నిలబెట్టిన చీపురు కర్ర, బైకు, ఒక్కోటీ వెనక పెట్టించి ఎక్కడ కూస్తుందో, ఎక్కడ మాట్లాడదో సుద్దముక్కతో నేల మీద గీతలు గియ్యి. ఆగకుండా కూసిందంటే దగ్గర దగ్గర ముప్ఫై సెంటీమీటర్లలో ఏదో ఉన్నట్టు. అప్పుడిక ఒక్క అంగుళం కూడా లేదనుకో. చివరగా బుజ్జిగాడి టెడ్డీ బొమ్మని బంపర్‌కి ఆనుకుని నేల మీద కూర్చోబెట్టు. కూయదు. వాడి కంటే ఎత్తులో చూస్తుంది అది. బొమ్మ మెత్తన కూడాను. వాడు సెల్లార్‌లో కింద కూర్చుని చిన్న కార్లు నడుపుతాడని అమ్మ చెప్పిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. నువ్వు స్టీరింగ్ ముందు కూర్చునే ప్రతిసారీ వాడు ఎవరి చంకలో ఉన్నాడో నీ కళ్ళతో చూసుకున్నాకే రివర్స్ వెయ్యి. నీ వయసులో నీకన్నీ తెలుసని నాకూ తెలుసు. కోపం తెచ్చుకోకు.

అయిదో క్లాసులో నువ్వు షాపుకొచ్చి టైరు మీద కూర్చుని, టెస్ట్ ల్యాంపు పట్టుకుని ప్రతి బ్యాటరీకీ ఆనించి "మావయ్యా, ఇది బతికే ఉంది" అనేదానివి. అదే ల్యాంపు ఇవాళ ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. బల్బు మార్చాను, తీగ కొత్తది వేశాను, పిడి పాతదే. ఫ్యూజు హోల్డరు, స్లీవులు కూడా పెట్టాను. టేపు మీద చుక్కలు పెట్టాక వీడియో కాల్ చెయ్యి, నేను చూసి ఊ అన్నాకే బొక్క.

పెట్టెలో మీ అత్తయ్య గోంగూర పచ్చడి సీసా కూడా ఉంది. మూత కాస్త వదులు. నిలబెట్టి విప్పు.

ఇట్లు,
మీ మావయ్య