రోకళ్లు సరే, దూలం ఏదీ?

అనంతపురం

అమ్మాయ్,

కడప నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదలు బాగుంది. రెండో పేరాలో ‘రెండు సూక్ష్మ పరికరాలు కాంతితో మాట్లాడుకుని ఒక్క లయకు వస్తాయి’ అని రాసి ముందుకెళ్లిపోయావు. ఏం మాట్లాడుకున్నాయో చెప్పొద్దూ!

2012లో కార్నెల్ యూనివర్సిటీలో మిఖాల్ లిప్సన్ బృందం చేసిన ప్రయోగాన్నే చూడు. మైక్రోమీటర్లలో కొలిచే సిలికాన్ నైట్రైడ్ బిళ్లలు. ఒక్కో బిళ్లలో ఒకదాని మీద ఒకటిగా రెండు పలచని రేకులు, మధ్యలో సన్నటి సందు. లేజర్ కాంతి బిళ్ల అంచు వెంబడి గిరగిరా తిరుగుతూ రేకులను కదిలిస్తుంది. సందు మారగానే లోపల నిలిచే కాంతి మారుతుంది, దాంతో అది రేకులను నెట్టే బలమూ మారుతుంది. అలా రేకులు సెకనుకు సుమారు 5 కోట్ల సార్లు ఊగుతాయి. ఆ ఊపు కాంతిలో హెచ్చుతగ్గులుగా పక్క బిళ్లకు చేరి అక్కడి రేకుల్ని నెడుతుంది. అదీ ఊరుకోదు, ఇటు నెడుతుంది. సొంత లయల్లో తేడా కొంచెమే అయి, ఈ నెట్టుడు గట్టిగా ఉంటే రెండూ ఒకే లయకు కుదురుకుంటాయి.

చెక్కభజన పోలిక తీసెయ్. అక్కడ అడుగు మార్పించే గురువుంటాడు, ఇక్కడ లేడు. ఉయ్యాల కూడా వద్దు, అది రెజొనెన్స్, అంటే బయటి తోపు సరిగ్గా దాని లయకే పడి ఊపు పెరగడం. నాకైతే మా అవ్వ, పక్కింటామె ఒకే రోట్లో కొర్రలు దంచడం గుర్తొస్తుంది. ఒక రోకలి లేస్తే ఇంకోటి పడేది. ఎవరికన్నా దగ్గొస్తే పోటు తప్పేది, నాలుగు దెబ్బల్లో మళ్లీ కుదిరేది. కానీ వాళ్లకు కళ్లున్నాయి. ఆ తేడా కూడా రాయాలి.

కళ్లు లేనివి కావాలంటే డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ గడియారాలున్నాయి. 1665లో ఆయన జబ్బుపడి ఇంట్లో ఉండగా రెండు లోలక గడియారాలను గమనించాడు. ఒక లోలకం ఇటు పోతే రెండోది అటు. చెదరగొట్టినా అరగంటలో మళ్లీ అంతే. వాటిని మోసే దూలంలోని కనపడని అదురే కారణం. నేను తొలిరోజుల్లో ‘రెండూ ఒకే వైపు ఊగాయి’ అని ఒక పత్రికకు రాస్తే, రిటైరైన సైన్సు మాస్టారొకాయన పోస్టుకార్డు పంపారు. కార్డంతా ఎర్రసిరానే.

ఇంకోటి. ఆ గడియారాలను నడిపే బరువు వేరు, కలిపే దూలం వేరు. ఈ బిళ్లలకు ఊపేదీ కాంతే, కలిపేదీ కాంతే. లేజర్ ఆపితే లయ తప్పడం కాదు, అసలు ఊగడమే ఆగిపోతుంది. నీ వ్యాసంలో ఈ మాట ఎక్కడా లేదు. దీన్ని పెట్టి రెండో పేరా కొత్తగా రాయి. ‘సమకాలీకరణ’ ఒక్కసారి చాలు, తర్వాత ‘లయ కుదరడం’ అను. ఆదివారంలోపు పంపితే చూస్తాను, తర్వాత కర్నూలు పోతున్నా.