బౌద్ధం పాఠం అయ్యాక పిల్లల్ని విహారానికి తీసుకెళ్తే ఏం చూపించాలి?

ఆరో తరగతి పిల్లలకు బౌద్ధం పాఠం అయ్యాక ఒక బౌద్ధ మందిరానికి తీసుకెళ్దామనుకుంటున్నామని, అక్కడ పిల్లలతో ఏం చేయించాలో, తల్లిదండ్రులు ఏమంటారో అని మీరు అడిగారు. నేను శ్రీకాకుళం జిల్లాలో సోషల్ టీచర్‌ని. రెండేళ్ళు వరసగా పిల్లల్ని తీసుకెళ్ళాను. తప్పకుండా తీసుకెళ్ళండి.

నన్ను కదిలించింది ఒక పాప అడిగిన ప్రశ్న. పాఠమంతా అయ్యాక "బౌద్ధులు ఇప్పుడు లేరు కదా టీచర్?" అంది. తప్పు ఆ పాపది కాదు. అశోకుడు, స్తూపాలు, చైత్యాలు అంటూ పాఠమంతా 'ఉండేవారు, కట్టించారు' అనే చెప్పాను. మా జిల్లాలో బౌద్ధం అంటే శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద ఇటుక పునాదులు, స్తూపాలు, కింద మ్యూజియం. అక్కడికి తీసుకెళ్తే ఆ పాప అనుకున్నదే నిజమనిపిస్తుంది.

అందుకే శాలిహుండం చూపించిన నెలలోనే ఒడిశాలోని జిరంగ్‌కి వెళ్ళాం. గజపతి జిల్లా చంద్రగిరి దగ్గర టిబెటన్ల కాలనీలు ఉన్నాయి. 1959లో దలైలామా భారతదేశానికి వచ్చాక, ఆయన వెనకే వచ్చిన శరణార్థుల్లో కొంతమందికి 1963లో అక్కడ చోటిచ్చారు. కొండల మధ్య మొక్కజొన్న చేలు, మధ్యలో బంగారు రంగు పైకప్పులతో పద్మసంభవ మహావిహారం అనే బౌద్ధ మఠం. 2010 జనవరిలో దలైలామానే వచ్చి ప్రారంభించారు. చలికాలంలో మన ఊళ్ళలో స్వెటర్ల కొట్లు పెట్టే టిబెటన్లను పిల్లలు చూసే ఉంటారు. "వాళ్ళ ఊరికే వెళ్తున్నాం" అంటే చాలు, సగం కొత్త పోతుంది.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు చెబుతాను, మీరు చేయకండి. ఇరవై ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేసి అందరికీ పంచాను. విగ్రహం ఎత్తెంత, ఏ సంవత్సరంలో కట్టారు, ఎన్ని అంతస్తులు. పిల్లలు బోర్డులు వెతుక్కుంటూ, ఒకరిది చూసి ఒకరు రాసుకుంటూ తిరిగారు. పక్క హాల్లో పూజ జరుగుతోంది, పెద్ద డోళ్ళు, తాళాలు, మనిషికంటే పొడవైన బాకాలు మోగుతున్నాయి. ఒక్కరూ తలెత్తలేదు. తిరుగు ప్రయాణంలో నాకు చాలా బాధేసింది.

రెండో ఏడాది కాగితం లేదు. వారం ముందే తలా ఒక చీటీ ఇచ్చి, అక్కడి భిక్షువుని నిజంగా ఏం అడగాలనుందో రాయమన్నాను. ఏం రాసినా దిద్దలేదు. "మీరు సినిమాలు చూస్తారా", "ఎర్రబట్టలే ఎందుకు", "మీకు కోపం వస్తే ఏం చేస్తారు". విహారానికి ముందే ఫోన్ చేసి, పిల్లలతో ఒక అరగంట మాట్లాడే భిక్షువు ఎవరైనా ఉంటారా అని అడిగాం. హిందీ వచ్చిన ఒకాయన వచ్చారు, నేను తెలుగులో చెప్పాను.

విగ్రహం ముందు వరసగా ఏడు ఇత్తడి గిన్నెలు, నిండా నీళ్ళు. మా బాబు ఒకడు "మా గుళ్ళో కొబ్బరికాయ, పళ్ళు పెడతాం, ఇక్కడ నీళ్ళేంటి?" అన్నాడు. ఆయన నవ్వి, నీళ్ళు ఎంత పేదవాడికైనా దొరుకుతాయి, ఇచ్చాక 'అయ్యో, ఇచ్చేశానే' అన్న బాధ ఉండదు, అందుకని అన్నారు. పొద్దున్నే నింపుతారట, సాయంత్రం ఒంపేసి బోర్లిస్తారట. గిన్నెకీ గిన్నెకీ మధ్య ఒక బార్లీ గింజంత ఎడం ఉండాలట. అది విన్నాక పిల్లలు వంగి మరీ చూశారు.

ఇంకొక పిల్ల శాలిహుండం మ్యూజియంలో తార అనే బౌద్ధ దేవత విగ్రహం చూసి నోట్సులో పెన్సిల్‌తో బొమ్మ వేసుకుంది. అది ఆయనకు చూపించింది. ఆయన కాసేపు చూసి "డోల్మా!" అన్నారు. టిబెటన్లు తారని అలా పిలుస్తారు. గోడ మీద ఆకుపచ్చ తార బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, కుడికాలు ఎందుకు కిందికి చాపి ఉందో చూడమన్నారు. ఎవరైనా పిలిస్తే వెంటనే లేచి రావడానికట. ఈ తల్లి స్తుతి రోజూ చదువుతామన్నారు. మన కొండ మీద శతాబ్దాల క్రితం పూజ ఆగిపోయిన దేవత పేరు అక్కడ ఆ పొద్దున కూడా పలికారు. నేను పాఠంలో ఎన్ని పీరియడ్లు చెప్పినా ఆ పిల్లకు అది అంత బాగా అందేది కాదు.

ఇక తల్లిదండ్రుల సంగతి. టెన్షన్ పడకండి గానీ తేలిగ్గా కూడా తీసుకోకండి. మా దగ్గర ఒక తండ్రి వచ్చి "దండం పెట్టిస్తారా మేడమ్?" అని సూటిగా అడిగారు. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. అడగాల్సిన మాటే అది. చూడటానికి, అడిగి తెలుసుకోవడానికే వెళ్తున్నామని, నమస్కారం పెట్టడం పెట్టకపోవడం పిల్లల ఇష్టమని చెప్పాను, అనుమతి పత్రంలో కూడా అదే రాశాను. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో పిల్లల్ని పెద్దవాళ్ళ అనుమతి లేకుండా మత బోధనలో, ఆరాధనలో పాల్గొనమనకూడదు. ఆ బాబు వచ్చాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వాడే అడిగాడు.

ముందే నేర్పాల్సినవి కొన్నే. చెప్పులు బయట విప్పడం, టోపీ తీయడం, విగ్రహం వైపు కాళ్ళు చాపకుండా కూర్చోవడం, ప్రార్థన చక్రాలను (మంత్రాలు రాసి ఉండే, చేత్తో తిప్పే గుండ్రటి డబ్బాలు) కుడివైపుగా తిప్పుతూ నడవడం. మన ప్రదక్షిణలాగే అంటే వెంటనే అర్థమవుతుంది. పూజ జరిగేటప్పుడు ఫోటోలు వద్దు.

మీరు విజయనగరం అన్నారు కాబట్టి రామతీర్థం దగ్గర బౌద్ధ శిథిలాలున్న గురుభక్తుల కొండ ముందు చూపించి, తర్వాత జిరంగ్ పెట్టుకోండి. పర్లాకిమిడి మీదుగా వెళ్తే ఘాట్ రోడ్డు మలుపులెక్కువ. పొద్దున టిఫిన్ తేలిగ్గా పెట్టించండి, బస్సులో కవర్లు ఉంచుకోండి. చీటీలు మాత్రం మర్చిపోవద్దు.