డిజైన్ చదవాలనుకుంటున్న మా చెల్లెలి కూతురికి

హనుమకొండ

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు బ్రోషర్లూ తీరిగ్గా కూర్చుని చూశాను. వాటిలో రెండింటి అట్ట మీద ఒకే అమ్మాయి నవ్వుతోంది, గమనించావా? ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పచ్చగడ్డి మీద కూర్చున్న పిల్ల. ఆ పిల్ల ఈ కాలేజీలోనూ చదవదు, ఆ కాలేజీలోనూ చదవదు. ఇంటర్నెట్‌లో డబ్బిచ్చి కొన్న ఫొటో అది. గ్రాఫిక్ డిజైన్ నేర్పుతామని చెప్పుకునే చోట, అట్ట మీద వేసుకోవడానికి తమ విద్యార్థులు చేసిన పని ఒక్కటీ దొరకలేదంటే లోపలి పేజీలు తిప్పనక్కర్లేదు. అయినా తిప్పాను. నేర్పే సాఫ్ట్‌వేర్ల పేర్లు ఒక పేజీ, ఉద్యోగాలిస్తాయట, ఆ కంపెనీల గుర్తులు ఇంకో పేజీ, ఈతకొలను ఒక పేజీ. పాఠం ఎవరు చెబుతారో మాత్రం ఎక్కడా లేదు.

ముందు మీ నాన్న ఫోనులో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. "కంప్యూటర్ సెంటరులో మూడు నెలల్లో నేర్పేదానికి నాలుగేళ్లెందుకు వదినా?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. ఇక్కడ చౌరస్తాలో ఫ్లెక్సీ షాపులో పనిచేసే కుర్రవాడికి కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్ వచ్చినంతగా, ఇన్నేళ్లు పత్రికల్లో పేజీలు కట్టిన నాకు రాదు. మేడారం జాతర వచ్చిందంటే దారి పొడవునా కట్టే ఫ్లెక్సీల్లో చాలావరకు అలాంటి కుర్రవాళ్లు రాత్రికి రాత్రి చేసిచ్చినవే. వాళ్ల చేతివేగం అంటే నాకు గౌరవం. కానీ ఈసారి అటు వెళ్లినప్పుడు ఒక ఫ్లెక్సీ దగ్గర ఆగి చదివి చూడు. "రాష్ట్ర" అన్న మాట ఉంటుంది. ష కింద ట వత్తు, ర వత్తు దిగుతాయి. దాని కింది వరుసలో సరిగ్గా అక్కడే "శ్రీ" వచ్చిందనుకో, పైనుంచి దిగే వత్తూ కింది నుంచి లేచే గుడిదీర్ఘమూ గుద్దుకుంటాయి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. ఎడం పెంచితే నాయకుడి ఫొటోకు చోటు తగ్గుతుంది. ఫొటో తగ్గిస్తే డబ్బిచ్చినవాళ్లు ఒప్పుకోరు. అప్పుడు ఏ మాట తీసెయ్యాలి, ఏది ముందు కంటపడాలి, ఎంత దూరం నుంచి, ఎంత వేగంగా పోయే బస్సులో కూర్చుని చదువుతారు? ఇవి తేల్చుకోవడమే డిజైన్. సాఫ్ట్‌వేర్ పని ఆ తరువాత మొదలవుతుంది. మూడు నెలల్లో నేర్పేది ఆ తరువాతి పని, నాలుగేళ్లు పట్టేది ముందున్నది. మా మరిదికి ఈ పేరా చదివి వినిపించు.

తాతయ్య ఏమంటారో కూడా నాకు తెలుసు. బాపు ఏ డిజైన్ కాలేజీలో చదివారని అడుగుతారు. నిజమే, ఆయన చదివింది న్యాయశాస్త్రం. కానీ చిన్న వయసులోనే ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేస్తూ, తాను గీసింది అచ్చులో చూసుకుంటూ ఎదిగారు. ఆ రోజుల్లో పత్రికాఫీసూ ప్రెస్సూ కొత్తవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవి. ఇప్పుడు పదో తేదీకి జీతమిచ్చే ఏ ఆఫీసుకూ అంత ఓపిక లేదు. నీ పనిని గోడకు పెట్టి, బాగుంటే ఎందుకు బాగుందో, లేకపోతే ఎందుకు లేదో నీ ముఖం మీదే చెప్పే మనుషులు నీకు కావాలి. కాలేజీల్లో దాన్ని జ్యూరీ అంటారు. కోర్సు ఎంచుకునేటప్పుడు నువ్వు వెతకవలసింది ఆ మనుషుల్ని. మిగిలినవన్నీ దాని తరువాతే.

ఇక దారులు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) 1961లో మొదలైంది. అక్కడ నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ అయిన బీడెస్‌లో గ్రాఫిక్ డిజైన్ అన్న పేరుతోనే ప్రత్యేక విభాగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఎన్‌ఐడీలో మొదటి ఏడాది అందరికీ పునాది పాఠాలు, ఆ తరువాత కమ్యూనికేషన్ డిజైన్ తీసుకోవచ్చు, నువ్వు కోరుకునేది అందులోనే వస్తుంది. ప్రవేశపరీక్ష రెండు దశల్లో ఉంటుంది. మొదటిది కాగితం మీద, రెండోది స్టూడియోలో చేతులతో చేసి చూపించేది. ఆ ఎన్‌ఐడీకి దగ్గరున్న విజయవాడ కాజీపేటలో రైలెక్కితే ఎంతో దూరం కాదు కాబట్టి మీ అమ్మ బెంగ పెట్టుకోనక్కర్లేదు.

రెండో దారి యూసీడ్ అనే బీడెస్ ప్రవేశపరీక్ష. ఐఐటీ బొంబాయి నిర్వహిస్తుంది. అందులో వచ్చిన ర్యాంకుతో కంది దగ్గరున్న మన హైదరాబాద్ ఐఐటీతో సహా కొన్ని ఐఐటీల్లో బీడెస్‌లో చేరవచ్చు. ఆ పరీక్ష రాయడానికి ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా ఫరవాలేదు. నువ్వు సీఈసీ తీసుకున్నావని మీ నాన్న దిగులుపడుతున్నాడట, ఆ దిగులు అనవసరం. కాకపోతే ఈ పరీక్ష రెండుసార్లే రాయనిస్తారు, అదీ వరుస సంవత్సరాల్లో. వయోపరిమితి కూడా ఉంది. మన దగ్గర ఎప్‌సెట్ (పాత ఎంసెట్) పోతే లాంగ్‌టర్మ్ అనడం అలవాటు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు, అందుకే మొదటిసారికే సిద్ధపడు.

మాదాపూర్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ పేరు చెప్పగానే మీ అమ్మ "కుట్టుపనికా?" అంటుంది. అక్కడ ఫ్యాషన్ కమ్యూనికేషన్ అనే బీడెస్ ఉంది. గ్రాఫిక్ డిజైన్, ఫొటోగ్రఫీ, దుకాణాల్లో వస్తువుల్ని అమర్చి చూపే పద్ధతి, ఇవి అందులో పాఠాలు. పేరు చూసి వదిలేసుకోకు.

మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, అందులో అప్లైడ్ ఆర్ట్ నాలుగేళ్ల కోర్సు. విశ్వవిద్యాలయంగా ఏర్పడింది 2008లోనే అయినా అక్కడి ఫైన్ ఆర్ట్స్ కాలేజీ చాలా పాతది. దీనికి వేరే ప్రవేశపరీక్ష. నువ్వు పంపిన జాబితాలో ఈ పేరే లేదు. మీ కోచింగ్ సారు బీఎఫ్‌ఏ అంటే బొమ్మలేసుకునేవాళ్ల చదువని చెప్పాడన్నావు. ఆయనకు తెలిసింది అంతే. బీఎఫ్‌ఏలో గీత, రంగు, అక్షరం, ప్రకటన మీద చేతికి ఎక్కువ సాధన దొరుకుతుంది. బీడెస్‌లో ఎవరి కోసం చేస్తున్నాం, వాళ్లు ఎలా వాడతారు అని ముందు వెళ్లి తెలుసుకోవడం ఎక్కువ. రెంటిలో ఒకటి పైది, ఒకటి కిందిది అనుకోకు. మన వరంగల్ కోటలోని కీర్తితోరణాన్ని తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో నిలబెట్టిన ఏలె లక్ష్మణ్ చిత్రకారుడే. నన్నడిగితే నీ చెయ్యి బాగుంది, ఓపిక తక్కువ. మనుషులతో మాట్లాడి రమ్మంటే ఎగిరి గంతేస్తావు, అదే బొమ్మను పదిసార్లు గీయమంటే మొహం ముడుచుకుంటావు. నీకు బీడెస్ నప్పుతుందని నా అంచనా. అయినా బీడెస్‌కూ బీఎఫ్‌ఏకూ కూడా పరీక్షలు రాయి.

ఏదైనా సరే, చేరే ముందు వెళ్లి చూడు. ఇక్కడ మాత్రం మీ నాన్న వెంట రానక్కర్లేదు, నేను వస్తాను. ఆఖరి ఏడాది విద్యార్థుల ప్రదర్శన చూపిస్తామంటారు. చూద్దాం, కానీ అది పెళ్లిచూపుల్లో కట్టిన పట్టుచీర, దాన్నిబట్టి ఏమీ తెలియదు. మూడో ఏడాది తరగతి గది చూపించమని అడుగుదాం. సగంలో ఉన్న పనులు, కొట్టేసిన స్కెచ్చులు, గోడకు అతికించిన చీటీలు ఉన్నాయా? అందరి పోస్టర్లూ ఒకే చేత్తో చేసినట్టున్నాయంటే అక్కడ గురువును అనుకరించడం నేర్పుతున్నారు. ఒక్కొక్కటి ఒక్కో తీరుగా, కొన్ని మరీ వికారంగా కూడా ఉన్నాయంటే నాకు ఆ చోటు మీద నమ్మకం పెరుగుతుంది.

స్క్రీన్ ప్రింటింగ్ బల్ల ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడుగు. విద్యార్థులకు సాయంత్రం కూడా తెరిచి ఉంటుందా, ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడే తెరుస్తారా? బల్ల మీద ఇంకు మరకలుంటే సంతోషించు. అచ్చు చూడని డిజైనర్లను నేను చాలామందిని చూశాను. తెర మీద మెరిసిపోయే ఆకుపచ్చని నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌లో వేస్తే బూడిద పూసినట్టు వస్తుంది. పేజీ అంచు దాటి మూడు మిల్లీమీటర్లు బొమ్మను బయటికి వదలకపోతే కటింగ్‌లో తెల్లగీత మిగులుతుంది. ఇవి పాఠంగా వింటే ఒంటబట్టవు, ఒక కట్ట కాగితం పాడుచేస్తేనే వస్తాయి.

ఆ గోడల మీద తెలుగు ఉందో లేదో కూడా చూడు. తెలుగు రాష్ట్రంలో నాలుగేళ్లు డిజైన్ చదివి ఒక్క తెలుగు పోస్టరూ చేయకుండా బయటికొచ్చే పిల్లలున్నారు. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వత్తులు విడిపోయి కనిపిస్తే ఏ అమరిక మార్చాలో అక్కడి మాస్టారును అడిగి చూడు. వరల్డ్ రెడీ కంపోజర్ అని వెంటనే చెప్పారంటే ఆ చేతుల మీద తెలుగు పని జరిగిందని అర్థం. తెలుగుకు మంచి ఫాంట్లు ఇంకా చాలా కావాలి. మన బమ్మెర పోతన పేరు పెట్టుకున్న ఫాంటును తిరుమల కృష్ణ దేశికాచార్యులు వృత్తి కోసం కాక భాష మీద ఇష్టంతో చేశారు. ఇప్పటికీ ఆ రంగంలో చోటు ఖాళీగానే ఉంది. నువ్వు అటు వెళ్లాలని నా స్వార్థం.

ప్రైవేటు చోట్ల విషయానికొస్తే, ఇచ్చేది డిగ్రీయా, సర్టిఫికెట్టా, డిగ్రీ అయితే ఏ విశ్వవిద్యాలయం పేరు మీద ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు విశ్వవిద్యాలయాలకూ, చట్టం ఆ అధికారమిచ్చిన సంస్థలకూ మాత్రమే ఉంది. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా యూజీసీ వెబ్‌సైటులోనే ఉంటుంది. విదేశీ సంస్థతో ఒప్పందం ఉందన్న మాటకు పొంగిపోవద్దు. ఉద్యోగాల సంగతి అడిగితే కంపెనీ గుర్తులు చూపిస్తారు. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, వాళ్లలో డిజైనరు ఉద్యోగం ఎంతమందికి, కాల్ సెంటరు ఎంతమందికి అని విడదీసి అడగాలి. ఫీజు ఒక్కటే ఖర్చు కాదని మీ నాన్నకు ముందే చెప్పు. కాగితాలు, రంగులు, ప్రింట్లు, హాస్టలు, మధ్యలో ఒక మంచి కంప్యూటరు. ఆ కోర్సుకు ఆ కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అన్నది ఏజెంటును కాదు, కాలేజీ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనవద్దు. కాలేజీలో చేరాక, వాళ్లు ఏది వాడతారో తెలిశాక కొందాం. అంతవరకు ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, క్రిటా సాఫ్ట్‌వేర్లు వేసుకో, ఉచితమే. ఎక్కువ సమయం పెన్సిలుకివ్వు. వేయిస్తంభాల గుడిని గీయకు, హనుమకొండలో బొమ్మలు వేసే ప్రతివాళ్లూ అదే గీస్తారు. బస్టాండులో కూర్చుని మూటలు మోసేవాళ్లను, కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టుకునేవాళ్లను గీయి. వంగిన నడుము, చాచిన చెయ్యి నిమిషంలో పట్టుకోవడం వస్తే పరీక్షలో గీసే ప్రశ్నకు భయం ఉండదు. వీలుంటే ఒక ఆదివారం చేర్యాల వెళ్దాం. అక్కడి నకాషీ చిత్రకారులు పొడవాటి పటం మీద కథను గళ్లుగా విడదీసి, పూల అంచు గీసి, ఎర్రని నేపథ్యం మీద ఒక్కో ఘట్టం నడిపిస్తారు. పాడేవాడు పటం విప్పుతూ పోతే చూసేవాడి కన్ను తప్పిపోకూడదు కదా, దానికోసం వాళ్లు చేసిన ఏర్పాట్లు చూస్తే పేజీ కట్టడం గురించి నేను చెప్పేదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

శనివారంలోగా డబ్బు కట్టి సీటు పట్టుకోకపోతే పోతుందని ఆ రెండో బ్రోషరువాళ్లు మీ నాన్నకు చెప్పారట. నీకు ఇంటర్ రెండో ఏడాది ఇప్పుడే మొదలైంది. ఎన్‌ఐడీ, యూసీడ్ నోటిఫికేషన్లు మామూలుగా దసరా, దీపావళి రోజుల్లో వస్తాయి, పరీక్షలు చలికాలంలో. ఇంత ముందుగా తొందరపెట్టే సీటు ఎక్కడికీ పోదు. చేరకపోతే డబ్బు ఎంత, ఎన్నాళ్లలో తిరిగిస్తారో కాగితం మీద రాసి సంతకం చేసి ఇమ్మని అడగమను. ఇవ్వకపోతే శనివారం మీ నాన్నను ఇంట్లోనే ఉండమను.

ప్రేమతో,
పెద్దమ్మ