లైటు బోర్డుకు ధర ఎలా కట్టాలి?

తిరుపతిలో కొత్తగా లైట్లు వెలిగే పేరు బోర్డులు చేసే దుకాణం పెట్టానని, ఖర్చు మీద 30 శాతం వేస్తున్నా చేతిలో ఏమీ మిగలడం లేదని అడిగారు. లెక్క అక్కడే తప్పుతోంది. 10,000 ఖర్చుకు 30 శాతం కలిపితే ధర 13,000. అందులో మీకు మిగిలేది 23 శాతమే. ధరలో 30 శాతం మిగలాలంటే ఖర్చును 0.7తో భాగించాలి, అంటే సుమారు 14,286 రూపాయలు.

ఖర్చంటే ఏసీపీ షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక), యాక్రిలిక్ అక్షరాలు, ఎల్‌ఈడీలు మాత్రమే కాదు. బిగింపు కూలీ, శ్రీకాళహస్తి దాకా ఆటో బాడుగ కూడా రాయండి. ఎల్‌ఈడీలకు కరెంటు అందించే పవర్ సప్లయి దగ్గర పొదుపు అసలు వద్దు: 80 వాట్ల ఎల్‌ఈడీలకు 100 వాట్లది పెట్టండి. వాననీరు దిగి ఒక్క అక్షరం ఆరిపోయినా మళ్లీ నిచ్చెన వేయాల్సిందే. ఆ ఖర్చు కొంత ముందే కలపండి. జీఎస్టీ వేరే వరుసలో చూపండి.