సూపర్‌మార్కెట్ కొలువులో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

జూన్‌లో ఆ పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థలో మేనేజ్‌మెంట్ ట్రైనీగా చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెబుతూనే, "ఎంబీఏ చదివించింది బియ్యం బస్తాలు లెక్కపెట్టడానికా, అన్నయ్యా" అని నిట్టూర్చింది. ఆమె మాటకు చిన్నబుచ్చుకోకు. మొదటి ఏడాది నువ్వు నిజంగానే బస్తాలు లెక్కపెడతావు, పెట్టాలి కూడా. 2006లో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను మన హైదరాబాద్‌లో తెరిచిన రోజుల్లోనే నేను మరో సంస్థ ద్వారా ఈ వృత్తిలోకి వచ్చాను కాబట్టి, నాకు అనుభవంలోకి వచ్చినవే రాస్తున్నాను.

శిక్షణలో నిన్ను కొన్నాళ్లు దుకాణంలో, కొన్నాళ్లు గిడ్డంగిలో, చివరికి కొనుగోళ్ల విభాగంలో తిప్పుతారు. చాలామంది మొదటి రెండూ ఎప్పుడు ముగుస్తాయా అని రోజులు లెక్కపెడుతుంటారు. నువ్వు మాత్రం పొద్దున్నే సరుకు వ్యాను వచ్చే వేళకు దుకాణం వెనుక గుమ్మం దగ్గర ఉండు. ఇన్వాయిస్‌లో రాసిన సంఖ్యకూ కిందికి దిగిన సంఖ్యకూ తేడా ఎక్కడ వస్తుందో, క్రేటులో పైన ఎర్రగా మెరిసే టమాటాల అడుగున ఏముంటుందో అక్కడే తెలుస్తుంది. గడువు తేదీ చూడకుండా జీఆర్ఎన్ (సరుకు అందిందని రాసే రసీదు) వేశావంటే ఆ తరువాతి నష్టం దాదాపుగా మీ దుకాణానిదే. ఉదాహరణకు 28 రూపాయలకు కొని 30కి అమ్మే పెరుగు ప్యాకెట్టు ఒక్కటి డంపులోకి, అంటే పారేసే సరుకులోకి, పోతే, ఆ నష్టం పూడ్చడానికి మరో 14 ప్యాకెట్లు అమ్మాలి. ఈ వ్యాపారంలో మిగులు అంత పల్చన. అందుకే గడువు దగ్గరపడినవి ముందు వరుసలోకీ, కొత్తవి వెనక్కూ సర్దాలంటారు. (మీ అత్తయ్యతో సహా ఈ ఊరి గృహిణులందరూ చెయ్యి లోపలికి పెట్టి వెనుక ప్యాకెట్టే తీస్తారనుకో, అది వేరే సంగతి.)

ఇక ఇండెంట్, అంటే దుకాణానికి కావాల్సిన సరుకుకు పెట్టే ఆర్డరు, విషయం. నేను చేరిన రెండో ఏడాది, గత నాలుగు వారాల అమ్మకాల సగటు చూసి కంప్యూటర్ సూచించిన గుడ్ల ఇండెంట్‌ను కళ్లు మూసుకుని ఆమోదించాను. నాలుగు రోజుల తరువాత 40 ట్రేలు, అంటే 1200 గుడ్లు, కదలకుండా కూర్చున్నాయి. కూరగాయలు ఏరే ఒక పెద్దావిడ, చేతిలోని బెండకాయ కొన విరిచి చూస్తూ, "శ్రావణం వచ్చింది గద సారూ, గుడ్లెవరు తింటరు" అంది. కంప్యూటర్‌కు ఇంగ్లీషు తేదీలే తెలుసు, తిథులు తెలియవు. దసరా 2024లో అక్టోబరు 12న వస్తే 2025లో 2న వచ్చింది. పైగా అదే రోజు గాంధీ జయంతి, మాంసం దుకాణాలు మూసి ఉండాల్సిన రోజు కావడంతో కొనుగోళ్లన్నీ ముందు రోజుకు జరిగాయి. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో పండుగ మళ్లీ అక్టోబరు మూడో వారానికి వెళుతోంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. కాబట్టి నీ బల్ల మీద ఒక గోడ పంచాంగం తప్పకుండా ఉండాలి.

పేట పేటకూ కొనే తీరు మారుతుంది. కొండాపూర్ దుకాణంలో రాత్రి తొమ్మిదికి ఆఫీసు నుంచి వచ్చేవాళ్లు అరకిలో పెరుగు, బ్రెడ్డు పట్టుకుని బిల్లింగ్ దగ్గర నిలబడితే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకటో తేదీ దాటగానే కుటుంబాలు చీటీ రాసుకుని నెల సరుకులకు వస్తాయి. బియ్యం దగ్గర నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని "పాతవేనా" అని అడిగే ముసలాయనకు సోనా మసూరి పాత బియ్యం అన్నం ఎందుకు పొడిపొడిగా వస్తుందో నువ్వు చెప్పగలగాలి. రేపు కొనుగోళ్ల విభాగంలో సరఫరాదారుతో బేరమాడేటప్పుడు నీకు అక్కరకొచ్చే జ్ఞానం ఇదే.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎంఆర్‌పీకి మించి పైసా తీసుకోకూడదు, గడువు దాటినది అల్మారాలో కనిపించకూడదు, కాటాపై తూనికల కొలతల శాఖ ముద్ర తాజాగా ఉండాలి. పైవాళ్లు చూసీచూడనట్టు పొమ్మన్నా నువ్వు సంతకం పెట్టకు.

బిల్లింగ్ పిల్లలనూ, బస్తాలు మోసేవాళ్లనూ పేరు పెట్టి, "మీరు" అని పిలువు. నీకంటే ఎంతో తక్కువ జీతానికి పనిచేస్తూ, నీకంటే ఎంతో ఎక్కువ తెలిసినవాళ్లు వాళ్లు. స్టాక్ లెక్కించే రాత్రి నువ్వు ఏసీ గదిలో కూర్చుంటే, మరునాడు వాళ్లు నీకు ఏదీ చెప్పరు.

వారపు సెలవు ఆదివారం దొరకదు, పండుగనాడు ఇంటికి రావడం కుదరదు. ఈ రెండు మాటలూ మీ అమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచు. రోజంతా నిలబడాలి కనుక బూట్లు మెత్తనివి కొనుక్కో, ఖర్చుకు వెనుకాడకు. ఆఫర్ లెటర్‌తో పాటు బాండ్ కాగితం ఏదైనా ఇచ్చి ఉంటే, ఎన్నేళ్లు, మధ్యలో మానితే ఎంత కట్టాలి అన్న పేజీలను ఫొటో తీసి, సంతకం పెట్టకముందే నాకు వాట్సాప్ చెయ్యి.

ఇట్లు,
నీ మామయ్య